ప్యానెల్ మాటిమాటికీ మాయమవుతోంది, ఆప్ట్ ముందుకు కదలట్లేదు: డెబియన్ 12, ప్లాస్మా

ప్రశ్న:
నాది డెబియన్ 12 లినక్స్, డెస్క్‌టాప్ కేడీఈ ప్లాస్మా 5.27. రోజుకు నాలుగైదు సార్లు కింది ప్యానెల్ మాయమై, తెర నల్లబడి, కాసేపటికి తిరిగొస్తోంది. కొత్త వెర్షన్ కోసం బయటి రిపాజిటరీ (ప్యాకేజీల నిల్వ) ఒకటి కలిపి, ప్యాకేజీలు వేసే ఆప్ట్‌తో అప్‌గ్రేడ్ కొట్టాను, సగంలో ఆగింది. ఇప్పుడు ఏం ఇన్‌స్టాల్ చేయబోయినా "అన్‌మెట్ డిపెండెన్సీస్" (కావాల్సిన ప్యాకేజీలు దొరకలేదు), "హెల్డ్ బ్రోకెన్ ప్యాకేజెస్" అంటోంది. అంతా తుడిచేసి మళ్లీ వేసుకోవాల్సిందేనా?

జవాబు:
అక్కర్లేదండి. కానీ ఈ స్థితిలో డెబియన్ 13కి మాత్రం వెళ్లకండి. ముందు ఈ పీటముడి విప్పాలి. కమాండ్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నా, కొట్టేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి.

ముడి ఎక్కడ పడిందంటే, కేవిన్ (ప్లాస్మాలో కిటికీలు నడిపేది) లాంటి ప్యాకేజీలు, ప్లాస్మాకు పునాది అయిన క్యూటీ లైబ్రరీ లోపలి భాగాల్ని నేరుగా వాడుకుంటాయి. అందుకే అవి "క్యూటీ ఉంటే చాలు" అనవు, "క్యూటీబేస్-ఏబీఐ-5-15-8" అనే ఊహా ప్యాకేజీ (విడిగా ఉండదు, వేరే ప్యాకేజీ ఇచ్చే పేరు మాత్రమే) కావాలంటాయి. బయటి రిపాజిటరీ నుంచి 5.15.10 వచ్చి కూర్చుందనుకోండి, ఆ పేరు ఇచ్చేవాడు ఉండడు. ఒక్క లైబ్రరీ మారితే దాని మీద ఆధారపడ్డ డెస్క్‌టాప్ అంతా తెగిపోతుంది. "ఆప్ట్-క్యాష్ పాలసీ లిబ్‌క్యూటీ5కోర్5ఏ" కొట్టి చూడండి. మూడు నక్షత్రాల గుర్తున్న వరుసే ఇప్పుడు మీ దగ్గరున్న వెర్షన్, దాని కింద అది ఎక్కడిదో ఉంటుంది.

హోమ్ ఫోల్డర్‌ని బయటి డిస్కులోకి కాపీ చేసుకోండి, ఎందుకంటే వెనక్కి దించడానికి డెబియన్ హామీ ఇవ్వదు. సోర్సెస్.లిస్ట్.డి ఫోల్డర్‌లోంచి ఆ బయటి ఫైల్ తీసేయండి. ప్రిఫరెన్సెస్.డి ఫోల్డర్‌లో ఒక ఫైల్ చేసి మూడు వరుసలు రాయండి: "ప్యాకేజ్: *", "పిన్: రిలీజ్ ఎన్=బుక్‌వార్మ్", "పిన్-ప్రయారిటీ: 1001". బుక్‌వార్మ్ అంటే డెబియన్ 12. చివరి అంకె వెయ్యికి తగ్గితే ఆప్ట్ వెనక్కి దించదు. ఆప్ట్ అప్‌డేట్ కొట్టి, "ఆప్ట్-గెట్ -ఎస్ డిస్ట్-అప్‌గ్రేడ్"తో ఉత్తుత్తి పరుగు చూడండి. తీసేస్తానంటున్న జాబితాను వరుస వరుసా చదవండి. అందులో "కేడీఈ-ప్లాస్మా-డెస్క్‌టాప్" పేరుంటే ఆగి, ఆ జాబితా ఇక్కడ పెట్టండి. సరిగ్గా ఉంటేనే -ఎస్ లేకుండా నడపండి. పని అవగానే పిన్ ఫైల్ తీసేసి, మళ్లీ అప్‌డేట్, ఫుల్-అప్‌గ్రేడ్ కొట్టాలి. ఇది మరవద్దు: ఆ పిన్ వల్ల భద్రతా సవరణలు కూడా వెనక్కి దిగుతాయి, రెండోసారి కొడితేనే తిరిగొస్తాయి. ఇంకా బయటివి ఏమైనా మిగిలాయేమో "ఆప్ట్ లిస్ట్ '~ఓ'" చూపిస్తుంది.

అడిగినవారు:
ముడి వీడింది, ధన్యవాదాలండి. ప్యానెల్ మాత్రం ఇంకా పడిపోతూనే ఉంది. 13కి వెళ్తే పోతుందా?

జవాబు:
కారణం తెలీకుండా వెళ్తే అదే జబ్బు అక్కడికీ వెంట రావచ్చు. ప్రోగ్రామ్ పడిపోయినప్పటి వివరాలు దాచే "సిస్టమ్‌డీ-కోర్‌డంప్" ప్యాకేజీ పెట్టుకోండి, డెబియన్‌లో అది మొదట్నుంచి ఉండదు. ఈసారి పడిపోయాక "కోర్‌డంప్‌సీటీఎల్ ఇన్ఫో ప్లాస్మాషెల్" చూడండి. ఆ వరుసల్లో ఎన్‌విడియా పేరుంటే ముందు డ్రైవర్‌ని అనుమానించండి. క్యూఎంఎల్ (ప్లాస్మా విడ్జెట్లు రాసే భాష) పేర్లే నిండా ఉంటే ముందు బయట్నుంచి తెచ్చుకున్న విడ్జెట్లు తీసి చూడండి. కొత్త యూజర్‌ని తయారుచేసి అరపూట వాడి చూడటం ఇంకా తేలిక. అక్కడ పడిపోకపోతే దోషం దాదాపుగా మీ సెట్టింగుల్లోనే.

సెట్టింగులైతే, ముందు "సిస్టమ్‌సీటీఎల్ --యూజర్ స్టాప్ ప్లాస్మా-ప్లాస్మాషెల్" కొట్టి ఆపండి. ఆ తర్వాతే కాన్ఫిగ్ ఫోల్డర్‌లో "యాప్లెట్స్‌ఆర్‌సీ"తో ముగిసే ఫైల్ పేరు మార్చి, స్టాప్ బదులు స్టార్ట్ అని కొట్టండి. నడుస్తుండగా మారిస్తే ప్లాస్మా పాత సంగతులన్నీ మళ్లీ రాసేస్తుంది.

మరో సభ్యుడు:
13కి వెళ్లేటప్పుడు చాలామంది తట్టుకుని పడేచోటు ఒకటి చెప్తాను. అప్‌గ్రేడ్‌ని ప్లాస్మా లోపలి టెర్మినల్‌లో నడపకూడదు, మధ్యలో డెస్క్‌టాప్ కూలితే ఆప్ట్ కూడా దానితో పోతుంది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి, అక్షరాలు మాత్రమే కనిపించే నల్లతెరలో చేయాలి. అయితే వైఫై పాస్‌వర్డ్ కేవాలెట్‌లో (కేడీఈ పాస్‌వర్డ్లు దాచే చోటు) ఉంటే, ప్లాస్మా నుంచి లాగౌట్ అవగానే నెట్ పోతుంది. కాబట్టి సోర్సుల్లో బుక్‌వార్మ్ ఉన్నచోటల్లా ట్రిక్సీ (డెబియన్ 13 పేరు) అని మార్చి, ఆప్ట్ అప్‌డేట్ అయ్యాక, "ఆప్ట్ ఫుల్-అప్‌గ్రేడ్ --డౌన్‌లోడ్-ఓన్లీ"తో ప్లాస్మాలో ఉండగానే అన్నీ దించేసుకోండి. లేదా కేబుల్ పెట్టుకోండి.

నల్లతెరలో ముందు "ఆప్ట్ అప్‌గ్రేడ్ --వితౌట్-న్యూ-పీకేజీఎస్", ఆ తర్వాతే ఫుల్-అప్‌గ్రేడ్. బూట్‌కి విడి పార్టిషన్ ఉంటే 300 ఎంబీ దాకా ఖాళీ చూసుకోండి, కొత్త కెర్నల్‌కి చోటు చాలక సగంలో ఆగిన కేసులు ఎక్కువ. ఆగితే కంగారుపడి రీబూట్ కొట్టకండి. చోటు చేసి, "డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ", తర్వాత "ఆప్ట్ -ఎఫ్ ఇన్‌స్టాల్" కొడితే ఆగినచోట నుంచి అందుకుంటుంది.

అక్కడ వచ్చేది ప్లాస్మా 6.3. 5 కోసం రాసిన విడ్జెట్లు 6లో నడవవు, వెళ్లేముందే ప్యానెల్ నుంచి తీసేయండి. ఆటోరిమూవ్ (ఇక అక్కర్లేని ప్యాకేజీల తొలగింపు) మాత్రం అదే రోజు కొట్టొద్దు, రెండు మూడు రోజులు వాడి చూశాక కొట్టండి.