చల్లని ఇంజిన్‌ను వేడెక్కిందని నమ్మించి మైలేజీ పెంచవచ్చా?

నెల్లిమర్ల టీచరు:

మాది విజయనగరం, గంటస్తంభం వెనుక సందులో ఇల్లు. నెల్లిమర్లలో ఒక ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతాను. నిరుడు దసరాకు సెకండ్‌హ్యాండులో హైబ్రిడ్ పెట్రోలు కారు, అంటే ఇంజిన్‌తో పాటు బ్యాటరీ మోటారు కూడా ఉన్నది, కొన్నాము. 1.5 లీటర్ల ఇంజిన్, బయట ప్లగ్గు పెట్టి చార్జి చేసే రకం కాదు. విశాఖపట్నం వెళ్ళి వచ్చినప్పుడల్లా లీటరుకు 23, 24 కిలోమీటర్లు ఇస్తుంది. రోజూ బడికి తిరిగేటప్పుడు మాత్రం 15 దాటడం లేదు. పోను ఎనిమిది కిలోమీటర్లు, రాను ఎనిమిది. సాయంత్రం కాస్త చల్లబడ్డాక పాపను కోట దగ్గర సంగీతం క్లాసుకు దింపడానికి మళ్ళీ తీయాలి. తీసిన ప్రతిసారీ బండి కదలక ముందే ఇంజిన్ మొదలై నిమిషానికి పైగా ఆగకుండా తిరుగుతుంది. బ్యాటరీ ముప్పాతిక నిండి ఉన్నా అంతే.

మా తమ్ముడు ఎలక్ట్రానిక్స్ చదివాడు. కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) వేడిని కొలిచే సెన్సార్ తీగల మధ్య పది రూపాయల రెసిస్టర్, అంటే కరెంటును అడ్డుకునే చిన్న భాగం, ఒకటి కలిపితే, ఇంజిన్ అప్పటికే వేడెక్కిందని కంప్యూటర్ అనుకుంటుందట. అప్పుడు ఇంజిన్ వెంటనే ఆగి, బండి బ్యాటరీ మీద నడుస్తుందట. రేడియేటర్ ముందు అట్ట అడ్డం పెట్టమని, టైర్లలో గాలి 45 దాకా కొట్టించమని కూడా అన్నాడు. రెసిస్టర్ తెచ్చి టేబుల్ మీద పెట్టి వెళ్ళాడు.

నా బెంగ వేరు. మా బాబుకు ఎనిమిదేళ్ళు, ఉబ్బసం ఉంది. కారు నిలిపేది వాడు పడుకునే గది కిటికీ కిందే, వేరే చోటు లేదు. ఉదయం ఏడున్నరకు బండి తీసినప్పుడు పచ్చి పెట్రోలు వాసన వస్తుంది. పక్కింటి పెద్దమ్మగారు అదే వేళకు అరుగు మీద కూర్చుని ఉంటారు. తక్కువ పెట్రోలు కాలితే తక్కువ పొగే కదా అని తమ్ముడి వాదన. నాకది సగం వరకే ఎక్కుతోంది. తెలిసినవారు చెప్పండి. నెలకు మూడు వేలు పెట్రోలుకే పోతోంది, అది కూడా చిన్న మొత్తం కాదు.

నాగావళి ఒడ్డు:

టీచరు గారూ, మీ తమ్ముడు చెప్పింది నిజమే. నేను శ్రీకాకుళంలో నా పాత హైబ్రిడ్‌కు సరిగ్గా ఇదే చేశాను. ఊళ్ళో 16 ఇచ్చేది 18 అయింది. ఏడాదైంది, డ్యాష్‌బోర్డు మీద ఏ దీపమూ వెలగలేదు, పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా వచ్చింది. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. లీటరు మిగిల్చితే అంత మిగిల్చినట్టే. భయపడకండి.

ఏడురోడ్ల గ్యారేజీ:

పై మిత్రుడి 2.3 కిలోల లెక్క సరైనదే. అయితే ఆ లెక్క కార్బన్ డయాక్సైడ్‌కు మాత్రమే పనికొస్తుంది. టీచరు గారి బాబు ఊపిరికి అడ్డుపడేది అది కాదు. పచ్చి పెట్రోలు ఆవిరి, నైట్రోజన్ ఆక్సైడ్లు, కార్బన్ మోనాక్సైడ్, ఇవి వేరే ఖాతా. వీటిని తగ్గించేది పెట్రోలు పొదుపు కాదు, సైలెన్సర్ దారిలో ఉన్న క్యాటలిటిక్ కన్వర్టర్. ప్లాటినం, పలాడియం, రోడియం పూత పూసిన తేనెపట్టులాంటి దిమ్మె అది. 250, 300 డిగ్రీల వేడి ఎక్కితేనే పని మొదలుపెడుతుంది. చల్లగా ఉన్నంతసేపు విషం విషంగానే బయటకు పోతుంది. ఎనిమిది కిలోమీటర్ల ప్రయాణంలో బండి వదిలే పచ్చి ఆవిరిలో పెద్ద వంతు ఆ మొదటి నిమిషంలోదే.

మీరు దండగ అనుకుంటున్న ఆ నిమిషం ఎందుకో ఇప్పుడు చూడండి. కంప్యూటర్ కావాలనే నిప్పురవ్వను ఆలస్యంగా వేయిస్తుంది. బలం తగ్గి, వేడి అంతా పొగగొట్టంలోకి పోతుంది. ఇంజిన్ అప్పుడు బండిని లాగడం లేదు, కన్వర్టర్‌ను కాచుకుంటోంది. లాగే పని మోటారుది. మామూలు పెట్రోలు కారుకు లేని వెసులుబాటు ఇది. రెసిస్టర్ పెడితే చెడేది ఇదే. ఆ సెన్సార్ చల్లగా ఉన్నప్పుడు దాదాపు 2,500 ఓముల నిరోధం, 80 డిగ్రీల దగ్గర 300 ఓముల పైచిలుకు చూపిస్తుంది. పక్కన మరో రెసిస్టర్ కలిపితే విలువ పడిపోయి, చల్లని ఇంజిన్ వేడిగా కనిపిస్తుంది. ఇంజిన్ ముందే ఆగుతుంది. కన్వర్టర్ మాత్రం ఇంకా చల్లగానే ఉంటుంది. తరువాత రైల్వే వంతెన ఎక్కేటప్పుడు మీరు కాలు నొక్కగానే ఇంజిన్ పూర్తి బరువుతో లేస్తుంది. దారిలో ఉన్నవాళ్ళందరికీ ఆ పచ్చి పొగే.

అమెరికాలో టయోటా వారి హైబ్రిడ్ అయిన ప్రియస్ కార్లకు అదనపు బ్యాటరీలు బిగించి ప్లగ్గు కార్లుగా మార్చినవారికి ఎదురైన చిక్కు కూడా ఇలాంటిదే. పెట్రోలు బాగా మిగిలేది, కానీ ఎక్కువసేపు ఆగి ఉన్న ఇంజిన్ చల్లని కన్వర్టర్‌తో మొదలయ్యేది. 2009లో కాలిఫోర్నియా వాయు వనరుల మండలి అలాంటి మార్పులకు పరీక్షలు, ధ్రువీకరణ ఉండాలని నియమం పెట్టింది.

ఆ నిమిషాన్ని కుదించాలని తయారీదారులూ తంటాలు పడ్డారు. రెండో తరం ప్రియస్‌కు అమెరికాలో టయోటా ఏకంగా ఫ్లాస్కు పెట్టింది! దాదాపు మూడు లీటర్ల వేడి కూలెంట్‌ను అందులో దాచి, మర్నాడు స్టార్టు చేయబోయే ముందు ఇంజిన్‌లోకి పంపేది. నేను ఈ పనిలో పద్దెనిమిదేళ్ళుగా ఉన్నాను, ఇంత ముచ్చటైన ఏర్పాటు మరొకటి చూడలేదు. ఇంజిన్‌ను నిజంగా వెచ్చబెట్టడం అంటే అది.

అట్ట సంగతి. అది మంచు దేశాల చిట్కా. మన దగ్గర మాఘమాసపు తెల్లవారుజామున కూడా ఇంజిన్ గడ్డకట్టదు. హైబ్రిడ్‌లో ముందు భాగాన ఇంజిన్ రేడియేటర్ ఒక్కటే ఉండదు. బ్యాటరీ కరెంటును మోటారుకు తగ్గట్టు మార్చే ఇన్వర్టర్‌ను చల్లబరిచే నీరు, ఏసీ కండెన్సర్ కూడా అక్కడి గాలి మీదే ఆధారపడతాయి. మే నెల వడగాలిలో అట్ట అడ్డం పెడితే ఏసీ రెట్టింపు కష్టపడుతుంది, మైలేజీ ఇంకా పడుతుంది. టైర్లలో 45 వద్దు. డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద ఉన్న అంకె, పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు, పదిహేను రోజులకోసారి. అంతకు మించితే నడిమి భాగం అరిగి, వానలో బ్రేకు పట్టదు.

చేయదగినవి చెబుతాను. చాలా హైబ్రిడ్లలో వెనుక సీటు పక్కన చిన్న జాలీ ఉంటుంది, బ్యాటరీని చల్లబరిచే గాలి అందులోంచే పోతుంది. సెకండ్‌హ్యాండు బండి అన్నారు కాబట్టి ముందు అది తీసి చూడండి. దుమ్ము పట్టితే బ్యాటరీ వేడెక్కి చార్జి సరిగా తీసుకోదు, ఆ భారం ఇంజిన్ మీద పడుతుంది. స్టార్టు చేశాక నిలబెట్టి ఉంచకుండా మెల్లగా కదలండి. నొక్కి లాగకపోతే మొదటి నిమిషం మోటారే లాగుతుంది. వీలైతే సంగీతం క్లాసును బడి నుంచి వచ్చే దారిలోనే కలుపుకోండి. ఇంజిన్ వేడిగా ఉండగానే రెండు పనులూ అయిపోతాయి. పాప కోసం ఎదురుచూస్తూ ఏసీ వేసుకుని కూర్చోకండి. బ్యాటరీ దిగగానే ఇంజిన్ దానికోసమే లేస్తుంది.

మీ డబ్బు లెక్క కూడా వేశాను. బడికి రోజుకు 16 కిలోమీటర్ల చొప్పున 26 రోజులకు 416. లీటరుకు 15 వస్తే 27.7 లీటర్లు, 17 వస్తే 24.5. పెట్రోలు 109 రూపాయలనుకుంటే మిగిలేది నెలకు 350. రెసిస్టర్ వల్ల వచ్చేదీ ఇంతే, జాలీ దుమ్ము దులిపి దారి కలుపుకుంటే వచ్చేదీ దాదాపు ఇంతే. బాబు గది కిటికీ కింద నిలిపే బండికి నేనైతే రెసిస్టర్ పెట్టను, ఎవరు అడిగినా పెట్టి ఇవ్వను.

చీపురుపల్లి పొల్యూషన్ చెకింగ్:

సర్టిఫికెట్ వచ్చింది కాబట్టి పరవాలేదన్న మాటకు నేను జవాబు చెప్పాలి, ఎందుకంటే ఆ యంత్రం దగ్గర రోజంతా ఉండేది నేను. మేము గొట్టంలో గొట్టం పెట్టి చూసేది బండి దూరం నుంచి నడిచి వచ్చి వేడిగా ఉన్నప్పుడు. బీఎస్ 4, బీఎస్ 6 పెట్రోలు బండికి ఇంజిన్ ఊరకే తిరిగేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం దాటకూడదు. వేడి కన్వర్టర్ ఉన్న హైబ్రిడ్ ఈ పరీక్షలో తేలిగ్గా నెగ్గేస్తుంది. పైగా హైబ్రిడ్ నిలబడితే ఇంజిన్ ఆగిపోతుంది, దాన్ని తిరిగేలా ప్రత్యేక మోడ్‌లో పెట్టి పరీక్షించాలి. ఉదయం ఏడున్నరకు మీ సందులో వచ్చే పొగను మా యంత్రం ఎన్నడూ చూడదు. నైట్రోజన్ ఆక్సైడ్లను ఈ పరీక్షలో కొలవనే కొలవము. కాగితం ఉంది కదా అని రెసిస్టర్ పెట్టుకోకండి.

నాగావళి ఒడ్డు:

కన్వర్టర్ వేడి గురించి నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. గ్యారేజీ గారూ, ఆదివారం బండి తెస్తాను. తీగ తీసేశాక కంప్యూటర్‌లో ఏమైనా సరిచేయాలా?

ఏడురోడ్ల గ్యారేజీ:

తీసి, అతుకు శుభ్రంగా చుట్టాలి. స్కానర్‌తో ఒకసారి చూసి, దాచుకున్న ఎర్రర్ కోడ్ ఉంటే చెరిపేద్దాం. పది గంటల తరువాత రండి.

నెల్లిమర్ల టీచరు:

మూడు వారాలైంది, ఏం జరిగిందో చెబుతాను. రెసిస్టర్ తమ్ముడికి తిరిగి ఇచ్చేశాను. వాడికి ఈ జవాబులన్నీ చదివి వినిపించాను, ఫ్లాస్కు సంగతి విని చాలాసేపు మాట్లాడలేదు. వెనుక సీటు జాలీ తీస్తే లోపలి వడపోత మీద నూలు పీచు, ఎవరి కుక్కదో తెల్లని బొచ్చు మందంగా పేరుకుని ఉంది. సంగీతం మాస్టారిని అడిగితే పాప క్లాసును అరగంట ముందుకు జరిపారు. ఇప్పుడు బడి నుంచి వస్తూ పాపను ఎక్కించుకుని, కోట దగ్గర దింపి, కూరగాయలు కొని తిరిగి వస్తున్నాము. రెండుసార్లు ట్యాంకు నింపి చూసుకున్నాను. మొదటిసారి 16.8, రెండోసారి 17.3.

ఉదయం వాసన ఇంకా కొంచెం ఉంది. అందుకని బండి స్టార్టు చేయకుండానే నేనూ తమ్ముడూ సందు మొదటి దాకా తోసుకుంటూ వెళ్ళి, అక్కడ ఖాళీ స్థలం దగ్గర స్టార్టు చేస్తున్నాము. ముప్పై అడుగుల దూరమే. గ్యారేజీ గారూ, ఈ హైబ్రిడ్‌ను ఇలా రోజూ న్యూట్రల్‌లో తోయడం వల్ల ఏమైనా ఇబ్బంది ఉందా?