వేరే గ్రౌండా, ఊళ్లో ఉన్నదేనా? తిరుపతి వాళ్లు ఒక మాట చెప్పండి

మూడుచక్రాల బండి (మంగళవారం, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. విషయం నేరుగా చెప్పేస్తా. మేం తొమ్మిది మందిమి ప్రతి ఆదివారం పొద్దున ఒక స్కూలు వరండాలో సిట్టింగ్ వాలీబాల్ ఆడుకుంటాం. పోలియో వాళ్లం నలుగురు, యాక్సిడెంట్లో కాలు పోయినవాళ్లు ముగ్గురు, మిగతా ఇద్దరికీ కాళ్లు బాగానే ఉన్నాయి కానీ మాతో పాటు నేల మీద కూర్చుని శుభ్రంగా ఓడిపోతుంటారు. ఆట తెలియనివాళ్లకు: కోర్టు పది మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు, నెట్టు మగవాళ్లకు 1.15 మీటర్లు. బంతి కొట్టేటప్పుడు పిరుదుల నుంచి భుజాల దాకా ఒంట్లో ఏదో ఒక భాగం నేలకు ఆనే ఉండాలి, లేస్తే ఫౌల్. వీల్‌చెయిర్ అక్కర్లేదు, ఖరీదైన సామాను అక్కర్లేదు, అందుకే మా జేబులకు సరిపోయింది.

ఇప్పుడేమైందంటే, ఒక కాలేజీ పాత విద్యార్థులు చందాలు వేసుకుని, ఒక కంపెనీ నుంచి సీఎస్ఆర్ డబ్బు (కంపెనీలు సమాజం కోసం పెట్టే ఖర్చు) కూడా తెచ్చి, దివ్యాంగుల ఆటలకు ఏదైనా చేస్తామని మమ్మల్ని పిలిచారు. రెండు మాటలు వచ్చాయి. రేణిగుంట దాటాక ఒకాయన ఇస్తానన్న స్థలంలో మనకోసమే ఒక గ్రౌండు, చిన్న ఇండోర్ హాలు కట్టడం. లేదా ఊళ్లో ఇప్పటికే ఉన్న ఒక గ్రౌండుకి ర్యాంపు, బాత్రూము సరిచేయించి, మ్యాట్లు బంతులు కొని, వచ్చేవాళ్లకు ఆటో ఖర్చు ఇవ్వడం. రెండూ చేసేంత డబ్బు లేదు. ఆదివారం మీటింగు. నా మనసు రెండోదాని మీదే ఉంది, కానీ మా తొమ్మిది మందిలో అయిదుగురు మొదటిదే కావాలంటున్నారు. మీరేమంటారు?

రేణిగుంట రైలు (మంగళవారం, రాత్రి 10:15)

ఆ అయిదుగురిలో నేనొకణ్ని. పేరు రాయకపోయినా మామకు తెలిసిపోతుంది కాబట్టి దాచుకునేదేమీ లేదు. మామా, మనం ఊళ్లో గ్రౌండుకి పోయిన రోజు గుర్తుందా? వాకింగ్ వచ్చినవాళ్లు చుట్టూ నిలబడి చూశారు, ఒకాయన వీడియో తీశాడు, ఇంకొకాయన ఆట మధ్యలో వచ్చి నా చేతిలో పది రూపాయలు పెట్టాడు. పది రూపాయలు! సర్వీసు నాదే ఉంది అప్పుడు. ఆయన మంచి మనసుతోనే పెట్టాడు, కాదనను, కానీ ఆ తర్వాత నాకు బంతి కొట్టబుద్ధి కాలేదు.

పైగా ఊళ్లో గ్రౌండు అంటే ఎవరిది? ఎగ్జిబిషన్ వస్తే వాళ్లది, మీటింగు వస్తే పార్టీ వాళ్లది, మనది ఎప్పుడు? గ్వాలియర్‌లో 2023లో మనవాళ్ల కోసమే పెద్ద శిక్షణ కేంద్రం పెట్టారు, దాన్ని ఎవరైనా తప్పు అన్నారా? మనకంటూ తాళం చెవి ఉన్న చోటు ఒకటి కావాలి. అంతే నేను అడిగేది.

చంద్రగిరి అమ్మ (బుధవారం, ఉదయం 6:05)

పొద్దున్నే వంట మధ్యలో రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. మా వాడికి 17 ఏళ్లు. బుద్ధిమాంద్యం అని సదరం సర్టిఫికెట్లో (వైకల్యానికి సర్కారు ఇచ్చేది) రాశారు, మేమైతే ఇంట్లో ఆ మాట వాడం. వాడు పరిగెడతాడు. ఎక్కడైనా, ఎవరి వెనకాలైనా పరిగెడతాడు.

తమ్ముడూ, నీకు జరిగింది చదివి బాధేసింది. కానీ నా వైపు నుంచి చూడు. మా వాడికి స్కూలు వేరే, తిరుమల వెళ్తే లైను వేరే, పెళ్లిళ్లలో కూడా మమ్మల్ని ఒక మూల కూర్చోబెడతారు. ఇంక ఆట కూడా ఊరి బయట, వేరేగానా? వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి ఉంది కదా, 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లలో కాంస్యం తెచ్చింది, మేధో వైకల్యం ఉన్నవాళ్లు పరిగెత్తే టీ20 విభాగంలో. ఊళ్లో వాళ్లు ఎన్ని మాటలన్నారో ఆ తల్లిదండ్రులు టీవీలో చెబుతుంటే నేను ఏడ్చాను. ఆ పిల్లను మొదట గుర్తించింది స్కూలు పోటీల్లో, మామూలు పిల్లల మధ్యే. మేధో వైకల్యం ఉన్నవాళ్లకు ఆటలు పెట్టే స్పెషల్ ఒలింపిక్స్ వాళ్లు కూడా యూనిఫైడ్ అని మనవాళ్లను, మామూలు పిల్లలను ఒకే జట్టులో పెట్టి ఆడిస్తారు.

ఇంకో సంగతి. చంద్రగిరి నుంచి తిరుపతి బస్టాండుకి ఒక బస్సు, అక్కడి నుంచి రేణిగుంట వైపు ఇంకోటి. ఆడవాళ్లకు స్త్రీ శక్తి ఉచిత బస్సు వచ్చాక నాకు టికెట్ లేదు, నిజమే, కానీ రెండో బస్సు ఎక్కే జనంలో వాణ్ని పట్టుకుని ఎక్కడం ఎలా ఉంటుందో ఒకసారి మాతో రండి, చూద్దురు.

గలగల బంతి (బుధవారం, ఉదయం 11:30)

నాకు చూపు లేదు, ఫోన్ చదివి వినిపిస్తుంది, నోటితో చెప్పి రాస్తున్నా. బ్లైండ్ క్రికెట్ ఆడతాను, ఇక్కడ జట్టు కుదరక బెంగళూరు వెళ్లి ఆడి వస్తుంటాను.

మీరిద్దరూ జనం చూపుల గురించే మాట్లాడుతున్నారు. నాకు జనం చూపులతో పనిలేదు (నవ్వొచ్చు, పర్వాలేదు), వాళ్ల చప్పుడుతోనే బాధ. మా బంతి గట్టి ప్లాస్టిక్‌ది, లోపల బేరింగులుంటాయి. బౌలర్ రెడీనా అని అడుగుతాడు, బ్యాటర్ ఊ అన్నాక ప్లే అని అరిచి కింది నుంచి వేస్తాడు, బంతి దొర్లుతూ వచ్చే గలగల విని మేం కొట్టాలి. అసలు చూపులేని బీ1 ఆటగాడు కొట్టిన ఒక్కో పరుగుని రెండుగా లెక్కేస్తారు, అంత కష్టం మరి. మన ఆంధ్రా అజయ్ కుమార్ రెడ్డి ఇలా ఆడే ఇండియా కెప్టెన్ అయ్యాడు, అర్జున అవార్డు తీసుకున్నాడు. ఇప్పుడు చెప్పండి, పక్కన ఒకాయన బ్లూటూత్ స్పీకర్లో పాటలు పెట్టుకుని నడుస్తుంటే నేను బంతి ఎక్కడని వినాలి? ఊళ్లో గ్రౌండులో ఒకసారి ప్రయత్నించాం, అరగంటలో బ్యాట్లు మూట కట్టేశాం.

అంటే నాకు రేణిగుంట గ్రౌండు కావాలనా? అదీ కాదు. నాకు కావాల్సింది వేరే చోటు కాదు, వేరే టైము. వారంలో రెండు గంటలు గ్రౌండు నిశ్శబ్దంగా ఉండాలి. చూపులేనివాళ్లు చప్పుడు చేసే బంతితో ఆడే గోల్‌బాల్‌కి కూడా అంతే, ఆట జరిగేటప్పుడు ప్రేక్షకులు నోరు మూసుకోవాలని రూల్సులోనే ఉంది.

చిత్తూరు సెటైర్ (బుధవారం, మధ్యాహ్నం 1:20)

తిట్టుకోండి కానీ అడుగుతా. పారిస్‌లో మనకు 29 పతకాలు వచ్చాయి, ఏడు బంగారం. తిరుపతి నుంచి ఎన్ని? డబ్బు ఎటూ తక్కువే అంటున్నారు, గ్రౌండూ వద్దు, ర్యాంపూ వద్దు, నిజంగా సత్తా ఉన్న ఇద్దరు పిల్లల్ని ఎంచి వాళ్లకు కోచ్, తిండి, మంచి కృత్రిమ కాలు ఇప్పించండి. సీఎస్ఆర్ డబ్బు దేనికి వాడొచ్చో చెప్పే కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్లో కూడా పారాలింపిక్ క్రీడల శిక్షణ అనే రాసుంది. హైదరాబాదులో ఆదిత్య మెహతా అలా చేసే కదా పారా సైక్లిస్టుల్ని తయారు చేస్తున్నాడు. ఆదివారం సరదా కోసం సీఎస్ఆర్ డబ్బు ఎందుకు సామీ?

మూడుచక్రాల బండి (బుధవారం, మధ్యాహ్నం 2:00)

తిట్టను. కానీ ఒకటి చెప్పు, మీ వీధిలో పిల్లలు క్రికెట్ ఆడుకుంటుంటే ఇండియా టీముకి ఎంతమంది వెళ్తారని ఎవరైనా అడిగారా? నాకు 43 ఏళ్లు. చిన్నప్పుడు తిరుపతి బర్డ్ ఎముకల ఆస్పత్రిలో ఆపరేషన్ చేసి కాలు నిలబెట్టే క్యాలిపర్ పెట్టారు, వాళ్ల దయవల్ల నిలబడ్డా. కానీ స్కూల్లో పీటీ పీరియడ్ అంటే మాత్రం పదేళ్లూ నా పని అందరి చెప్పులూ పుస్తకాలూ కాపలా కాయడమే. నాకు పతకం వద్దప్పా. వారానికి ఒక రోజు చెమట పట్టాలి, అంతే. ఆ ఇద్దరు పిల్లల్ని ఎంచడానికైనా ముందు యాభై మంది ఎక్కడో ఒకచోట ఆడాలి కదా, సదరం క్యాంపులో నిలబెట్టి ఎంచుతావా?

సైట్ సూపర్‌వైజర్ (బుధవారం, సాయంత్రం 7:10)

నేను కట్టుబడి పనిలో ఉంటాను, ఆటల సంగతి తెలీదు, కొలతలు చెప్తా. ర్యాంపుకి ఒకటికి పన్నెండు లెక్క. అంటే మెట్లు రెండడుగుల ఎత్తు ఉంటే ర్యాంపు ఇరవై నాలుగు అడుగులు పొడవుండాలి, మధ్యలో ఆగడానికి చోటు వేరే. మనవాళ్లు అంత స్థలం ఎవడిస్తాడని ఆరడుగుల్లో ముగించేస్తారు. ఒక ఆఫీసు ముందు అలాంటిదే చూశా, అది ర్యాంపు కాదు, జారుడుబల్ల. కింద పెద్ద అక్షరాలతో దివ్యాంగుల కొరకు అని రాశారు, పైన గేటుకి తాళం. బాత్రూము తలుపు కనీసం 900 మిల్లీమీటర్లు, బయటికి తెరుచుకోవాలి, లోపల కుర్చీ తిరిగేంత చోటు ఉండాలి. ఉన్న గ్రౌండులో ఇవి చేయడానికి అయ్యే ఖర్చు హాలు కట్టే ఖర్చులో ఒక మూలకు కూడా రాదు.

ఇది ఎవరో దయతో చేయాల్సిన పని కూడా కాదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో సెక్షన్ 30 అంతా ఆటల గురించే. 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూడా, ఈ ప్రమాణాలు సలహాలుగా ఉంటే కుదరదు, తప్పనిసరి చేయండి అని కేంద్రానికి చెప్పింది.

చంద్రగిరి అమ్మ (బుధవారం, రాత్రి 8:45)

బాత్రూము మాట వచ్చింది కాబట్టి ఒకటి. మా వాడు నాకంటే ఎత్తు పెరిగాడు. వాణ్ని ఆడవాళ్ల బాత్రూముకి తీసుకెళ్తే అందరూ అరుస్తారు, మగవాళ్లదానికి నేను వెళ్లలేను, ఒక్కణ్నే పంపితే గొళ్లెం తీయడం రాక లోపలే ఉండిపోతాడు. అందుకని బయటికి వెళ్లే రోజు వాడికి నీళ్లు తక్కువ ఇస్తాను. పరిగెత్తే పిల్లాడికి! ఆడా మగా అని బోర్డు లేకుండా తోడు మనిషి కూడా వెళ్లేలా ఒక్క గది కట్టండి. గ్రౌండు ఎక్కడైనా సరే.

మౌనం మాటలు (బుధవారం, రాత్రి 9:30)

మా అన్నకు వినపడదు. ఇలాంటి చర్చల్లో బధిరులు గుర్తే రారు, పారాలింపిక్స్‌లో కూడా వాళ్లకు విభాగం లేదు, 1924 నుంచీ వాళ్ల పోటీలు వాళ్లకు వేరే. ర్యాంపు వద్దు, ఆటో వద్దు. కోచ్‌కి నాలుగు సైగలు వస్తే చాలు, రేపే ఏ గ్రౌండుకైనా వస్తాడు.

రేణిగుంట రైలు (గురువారం, ఉదయం 7:50)

రాత్రంతా చదివా. అక్కా, బాత్రూము సంగతి నాకు ఎప్పుడూ తట్టలేదు, నిజం. కానీ నా ఓటు మారలేదు. టైము మనదే అని కాగితం మీద రాసిస్తారు, మూడు నెలలు జరుగుతుంది, తర్వాత టోర్నమెంట్ అని ఒకడొస్తాడు, ఈ ఒక్క వారం సర్దుకోండి అంటాడు. సర్దుకోవడం మనకు అలవాటే కాబట్టి సర్దుకుంటాం. రెండో వారం కూడా వస్తాడు. దీనికి ఎవరైనా జవాబు చెప్పండి, రేణిగుంట వదిలేస్తా.

మూడుచక్రాల బండి (గురువారం, ఉదయం 8:30)

నీ ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదురా. ఒకటి మాత్రం అనుకున్నా. డబ్బు ఒకేసారి ఇవ్వొద్దని ఆ పాత విద్యార్థులకే చెబుదాం. ర్యాంపూ బాత్రూమూ ముందు, మన ఆదివారం రెండు గంటలు, గలగల వాళ్లకు ఇంకో రెండు గంటలు ఆరు నెలలు సక్రమంగా జరిగితేనే మిగతాది. జరక్కపోతే ఆ మిగతా డబ్బు మీ రేణిగుంటకే. గ్రౌండు వాళ్లకు కూడా ఈ షరతు ముందే తెలియాలి. అది నీకు నచ్చకపోతే మీటింగులో నువ్వే లేచి చెప్పు, నేను అడ్డుపడను.

ఇంకా నిన్న సాయంత్రం ఆ గ్రౌండుకి వెళ్లొచ్చా. ర్యాంపు దాకా వెళ్లడం తర్వాతి మాట, లోపలికే పోలేకపోయా. బైకులు రాకుండా గేటు దగ్గర ఇనుప గుంజలు పాతారు. బైకులు ఏటవాలుగా తిప్పుకుని దూరిపోతున్నాయి. నా మూడుచక్రాల బండే ఇరుక్కుంది. కొబ్బరిబోండాల ఆయన వచ్చి వెనక్కి లాగాడు.

సైట్ సూపర్‌వైజర్ (గురువారం, ఉదయం 8:52)

ఆ గుంజల మధ్య ఎంత గ్యాపు ఉంది? ఆదివారం టేపు నేను తెస్తా. మీటింగు ఆఫీసులో వద్దు, ఆ గేటు దగ్గరే పెట్టండి.