సిటీ 1.5: ఎండలో అరగంట ఆపితే మళ్ళీ స్టార్ట్ అవ్వట్లేదు

జయపురం_15:
అందరికీ నమస్కారం. పొద్దున తొమ్మిదింటికి బానెట్ ఎత్తాను, ఇప్పుడు మూడు దాటింది, ఇంకా దింపలేదు. నా హోండా సిటీ 1.5 చల్లగా ఉన్నప్పుడు తాళం ఇలా తిప్పగానే అందుకుంటుంది. ఘాట్ దిగి సాలూరు వెళ్ళి ఎండలో అరగంట ఆపితే చాలు, ఆ తర్వాత సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది గానీ ఇంజన్ అందుకోదు. గంటో గంటన్నరో పోయాక ఎవరూ చెయ్యి పెట్టకుండానే అందుకుంటుంది. ప్లగ్గులు, పెట్రోల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, బ్యాటరీ అన్నీ కొత్తవి వేశాను. ఇంక మార్చడానికి ఏం మిగిలింది? ఇక్కడి మెకానిక్ పెట్రోల్ పంప్ మార్చాలంటున్నాడు. ఆదివారం మళ్ళీ ఘాట్ దిగాలి, తెలిసినవాళ్ళు కాస్త తొందరగా చెప్పండి.

రాయగడ_వైరింగ్:
మెయిన్ రిలే, డ్యాష్‌బోర్డ్ కింద కరెంట్ పంచే డబ్బా. విప్పి సోల్డరింగ్ చెయ్యండి. పంప్ కొనకండి.

సాలూరు_సెంటర్:
పంప్ కొనకండి అన్నదానికి నాదీ అదే మాట. కానీ రిలే అని తేల్చే ముందు కొన్ని సంగతులు తెలియాలి తమ్ముడూ. 1.5 అంటే ఈఎక్స్‌ఐ మోడలా, వీటెక్ మోడలా? 100 హార్స్‌పవర్ ఈఎక్స్‌ఐ కూడా 1.5యే, 2000లో వచ్చిన 106 హార్స్‌పవర్ వీటెక్కూ 1.5యే. బండి మొరాయించినప్పుడు తాళం ఆన్‌లో పెడితే చెక్ ఇంజన్ లైట్ వెలిగి రెండు సెకన్లకి ఆరుతోందా? అదే సమయంలో వెనక ట్యాంక్ వైపు పంప్ సన్నగా మోగుతోందా? ప్లగ్గు దగ్గర స్పార్క్ ఉందా? ఇవి మూడూ చల్లగా ఉన్నప్పుడు చూసి లాభం లేదు. మొరాయించిన ఆ నిమిషంలోనే చూడాలి.

జయపురం_15:
వీటెక్ అండీ, 2001 మోడల్. లైట్ సంగతి గమనించలేదు. స్పార్క్ చూడలేదు, ప్లగ్గులు కొత్తవే కదా.

పర్లాకిమిడి_మాస్టారు:
ప్లగ్గులు కొత్తవైతే స్పార్క్ ఉన్నట్టు కాదు నాయనా. కానీ నా అనుమానం పెట్రోల్ మీద. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది ఈ20, అందులో ఐదో వంతు ఇథనాల్. 2001 నాటి రబ్బరు గొట్టాలు దాన్ని ఉద్దేశించి చేసినవి కావు. ఇథనాల్ నీటిని లాక్కుంటుంది, పాత నైట్రైల్ రబ్బరుని ఉబ్బించి మెత్తబరుస్తుంది, బండి నెలల తరబడి నిలబడిపోతే ట్యాంక్ అడుగున తుప్పు మొదలవుతుంది. ఫిల్టర్ నుంచి ఇంజన్‌లోకి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ల దాకా ఉన్న రబ్బరు ముక్కలన్నీ చేత్తో వంచి చూడండి. పైన సన్నటి పగుళ్ళున్నా, నొక్కితే జిగురుగా తగిలినా వెంటనే తీసెయ్యాలి. కొనేటప్పుడు గొట్టం మీద అచ్చు చదవండి: ఆర్7 అని ఉంటే అది కార్బొరేటర్ బండ్లది, తక్కువ ఒత్తిడిది. ఇంజెక్షన్‌కి ఆర్9 కావాలి, దాని లోపలి పొర ఫ్లోరో రబ్బరు, ఇథనాల్‌కి తట్టుకుంటుంది. బిగించడానికి పళ్ళున్న మామూలు క్లిప్పు వద్దు, అది గొట్టాన్ని కోసేస్తుంది. అంచు నునుపుగా ఉండే ఇంజెక్షన్ క్లాంపే వాడండి. ఘాట్ ఎక్కి దిగిన వేడికి, ఎండకి ఈ పెట్రోల్ ఆవిరై, ఆ ఆవిరి గొట్టంలో అడ్డుపడి వేపర్ లాక్ అవుతోందని నా అభిప్రాయం.

సాలూరు_సెంటర్:
మాస్టారూ, గొట్టాల గురించి మీరు చెప్పిన ప్రతి ముక్కా నిజం, ఈ గుంపులో అందరూ రాసిపెట్టుకోవాల్సిందే. వేపర్ లాక్ దగ్గర మాత్రం ఒప్పుకోలేను. అది కార్బొరేటర్ బండ్ల జబ్బు. వాటిలో పంప్ ఇంజన్ పక్కనే ఉండి పెట్రోల్‌ని పీలుస్తుంది, ఒత్తిడి పావు బార్ చుట్టుపక్కల. ఇక్కడ పంప్ ట్యాంక్‌లోనే మునిగి ఉండి ముందుకి నెడుతుంది, లైన్‌లో రెండున్నర, మూడు బార్ ఉంటుంది. ఆ ఒత్తిడిలో పెట్రోల్ అంత తేలిగ్గా ఆవిరి కాదు. పంప్‌లోని వాల్వ్ కారిపోయి, ఆపాక ఒత్తిడి పడిపోయినా నాలుగైదు సెకన్లు ఎక్కువ సెల్ఫ్ కొడితే అందుకోవాలి. గంటన్నర ఆగాల్సిన పని లేదు. అనుమానం తీరాలంటే తాళం ఆన్ చేసి రెండు సెకన్లు ఆగి ఆఫ్ చెయ్యాలి. అలా మూడుసార్లు చేసి సెల్ఫ్ కొట్టాలి. అందుకుంటే ఒత్తిడి సంగతి, లేకపోతే కరెంట్ సంగతి.

బరంపురం_ట్విన్‌కామ్:
మధ్యలో అడ్డొస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఈ గుంపు పాత జపాన్ స్పోర్ట్స్ కార్ల కోసం పెట్టుకున్నది. క్లాసిక్ అంటే హోండా ఎస్600: 606 సీసీ, తల మీద రెండు క్యామ్‌లు, నాలుగు కెయిహిన్ కార్బొరేటర్లు, 8500 ఆర్‌పీఎమ్ దగ్గర 57 హార్స్‌పవర్, వెనక చక్రాలకి చెయిన్ డ్రైవ్. క్లాసిక్ అంటే డాట్సన్ 240జెడ్, 2.4 లీటర్ల ఆరు సిలిండర్లు, ఎస్‌యూ తరహా హిటాచీ కార్బొరేటర్లు రెండు. నాలుగు తలుపుల ఫ్యామిలీ కారుని ఆ వరసలో పెడితే మాటకి విలువ పోతుంది.

గుణుపూర్_గ్యారేజ్:
అన్నా, ఆ బండ్ల మీద మాకూ ప్రాణమే. కానీ మన కోరాపుట్టులోనూ రాయగడలోనూ చేతికి దొరికేవి ఏటి? సిటీ వీటెక్, లాన్సర్, కార్బొరేటర్ జెన్, ఎస్టీమ్. ఇంజన్ వేగాన్ని బట్టి వాల్వుల కదలిక మార్చే ఈ వీటెక్ 1989లో హోండా ఇంటెగ్రాతో మొదలైంది, 1.6 లీటర్లకే 160 హార్స్‌పవర్ తీసింది. మన సిటీది ఒక్క క్యామ్‌దే, వాల్వుల మార్పు ఇంటేక్ వైపే ఉంటుంది, అయినా ఆ కుటుంబంలోదే. పోనీ చట్టం మాటకొస్తే 2021 రూల్స్ ప్రకారం వింటేజ్ అంటే 50 ఏళ్ళు దాటింది. నంబరులో వీఏ అక్షరాలొస్తాయి, కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000. క్లాసిక్ అనే మాటకి ఆ రూల్స్‌లో లెక్క లేదు. ప్రేమగా నిలబెట్టుకున్న పాత బండి ఏదైనా ఇక్కడ అడగొచ్చు.

బరంపురం_ట్విన్‌కామ్:
అడగొద్దనలేదు తమ్ముడూ. పేరు సరిగ్గా పెట్టమన్నాను. యంగ్‌టైమర్, అంటే ఇంకా క్లాసిక్ కాని పాత బండి అనండి, అభ్యంతరం లేదు.

జయపురం_15:
పేరు ఏదైనా పెట్టుకోండి అండీ, స్టార్ట్ అయితే చాలు. ఇప్పుడే ఎండలో గంటసేపు అద్దాలు మూసి నిలబెట్టి చూశాను. మొరాయించింది. చెక్ ఇంజన్ లైట్ వెలిగి ఆరుతోంది, కానీ వెనక పంప్ మోత లేదు. మూడుసార్లు ఆన్ ఆఫ్ చేసినా లేదు. స్పార్క్ మాత్రం ఉంది, నీలంగా పడుతోంది. మరైతే పంప్ పోయినట్టేనా?

రాయగడ_వైరింగ్:
కాదు. పంప్ కనెక్టర్ దగ్గర టెస్ట్ ల్యాంప్ పెట్టండి. తాళం ఆన్ చెయ్యగానే రెండు సెకన్లు వెలిగితే పంప్. వెలగకపోతే రిలే.

సాలూరు_సెంటర్:
ఇప్పుడు దారికొచ్చాం. స్పార్క్ ఉంది కాబట్టి ప్లగ్గులకి స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్‌లోని ఇగ్నైటర్‌ని పక్కన పెట్టొచ్చు. అదీ వేడికి చచ్చి చల్లారాక బతికే సామానే, స్పార్క్ లేకపోతే మొదట దాన్నే అనుమానించేవాణ్ణి. ఎవరికైనా పనికొస్తుంది కాబట్టి చెబుతున్నాను: ఆ డిస్ట్రిబ్యూటర్‌లోనే ఉండే కాయిల్ ప్రైమరీ 0.6 నుంచి 0.8 ఓమ్, సెకండరీ సుమారు 13 నుంచి 19 కిలో ఓమ్ చూపించాలి. క్యాప్ విప్పితే లోపల నూనె తడి కనిపిస్తే షాఫ్ట్ సీల్ పోయినట్టు.

ఇక రిలే. అది ఏడు పిన్నుల డబ్బా, లోపల రెండు రిలేలుంటాయి. తాళం ఆన్ చెయ్యగానే మొదటిది పడి ఈసీయూకి (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్‌కి), ఇంజెక్టర్లకి కరెంట్ ఇస్తుంది. మీ లైట్ వెలిగి ఆరుతోంది కాబట్టి ఆ సగం బాగానే ఉంది. రెండోదాన్ని ఈసీయూ రెండు సెకన్లు లాగి పంప్ తిప్పి వదిలేస్తుంది, సెల్ఫ్ కొట్టగానే మళ్ళీ లాగి పట్టుకుంటుంది. మీకు పోతున్నది ఈ రెండో సగం. లోపలి సర్క్యూట్ పలక మీద పిన్నులు లావు. వేడికి పలక ఒకలా, పిన్ను ఒకలా సాగుతాయి. రోజూ డ్యాష్‌బోర్డ్ కింద కాగి, రాత్రికి చల్లారి, ఇరవై ఏళ్ళు గడిచేసరికి పిన్ను చుట్టూ సోల్డరింగ్‌లో వెంట్రుకవాసి గీత పడుతుంది. చల్లగా ఉంటే రెండు అంచులూ తగులుతాయి, కాగితే విడిపోతాయి. గంటన్నర ఆగితే స్టార్ట్ అవడానికి కారణం అదే. ఇది తయారీలో తప్పు కాదు, వయసుతో వచ్చేది.

రాయగడ_వైరింగ్:
కొనబోతే "ఫ్యూయల్ పంప్ రిలే" అని అడక్కండి. నాలుగు పిన్నులది చేతిలో పెడతారు. "మెయిన్ రిలే, ఏడు పిన్నులు" అనాలి. పాతది తీసుకెళ్ళి పక్కన పెట్టి చూసుకోండి.

పర్లాకిమిడి_మాస్టారు:
పేరు పంప్ రిలే అన్నా అది తిప్పేది పంప్‌నే కదా, తప్పేముంది?

రాయగడ_వైరింగ్:
అందులో సగమే పంప్‌ది మాస్టారూ. మిగతా సగం ఈసీయూది. అది పోతే ఇంజెక్టర్లు కూడా ఆగుతాయి.

సాలూరు_సెంటర్:
చేసే పద్ధతి రాస్తాను. ముందు బ్యాటరీ నెగెటివ్ తియ్యండి. డ్యాష్‌బోర్డ్ కింద డబ్బాని పట్టిన బోల్టు తీసి, కనెక్టర్ లాగాలి. వైర్లు పట్టుకుని లాగకూడదు, కొక్కెం నొక్కి లాగాలి. ప్లాస్టిక్ మూతకి పక్కన చెవులుంటాయి, సన్న స్క్రూడ్రైవర్‌తో నెమ్మదిగా లేపితే పలక బయటికి జారుతుంది. పాత టూత్‌బ్రష్, కాస్త స్పిరిట్‌తో అడుగు తుడిచి, భూతద్దం కింద వెలుతురుకి అటూ ఇటూ తిప్పి చూడండి. మంచి అతుకు వెండిలా మెరుస్తూ పిన్నుకి ఎగబాకినట్టు ఉంటుంది. చెడిందాని చుట్టూ కాటుకతో గీసినట్టు నల్లటి ఉంగరం కనబడుతుంది.

ఒక్కటి కనబడిందని ఒక్కటే చెయ్యకండి, లావు పిన్నులన్నీ చెయ్యండి. ఇక్కడ చాలామంది చేసే తప్పు, ఐరన్ ఆనించి పాత సీసాన్నే కరిగించి వదిలెయ్యడం. పైకి మెరుస్తుంది, లోపల ఫ్లక్స్ లేక అతుక్కోదు, రెండు నెలలకి మళ్ళీ మొదటికొస్తుంది. పాతదంతా పీల్చేసి, లోపల రోజిన్ ఉన్న 60/40 తీగతో కొత్తగా నింపాలి. 25 వాట్ల ఐరన్ చాలదు, పిన్ను వేడిని లాగేస్తుంది. 40 నుంచి 60 వాట్లది పెట్టి, ముందు పిన్నుని కాచి తర్వాత తీగ అందించండి. ఒక్కో అతుకుకి మూడు నాలుగు సెకన్లు మించితే పలక మీది రాగి లేచిపోతుంది. రేకుల పనికి వాడే యాసిడ్ పేస్ట్ దగ్గరికి కూడా రానివ్వొద్దు, అది పిన్నుల్ని తినేస్తుంది. అంతా అయ్యాక మూత పెట్టకుండానే బండికి తగిలించి, జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్‌తో పలకని బాగా వేడి చేసి తాళం ఆన్ చెయ్యండి. ఆ వేడిలో కూడా పంప్ మోగితే పని అయినట్టు.

గుణుపూర్_గ్యారేజ్:
మధ్యలో ఆదివారం రోడ్డు మీద ఆగిపోతే: తలుపులు తెరిచి క్యాబిన్ చల్లబరచండి, డబ్బాని వేలితో తట్టి తాళం ఆన్ చెయ్యండి. పంప్ మోగితేనే సెల్ఫ్ కొట్టండి. ఊరికే సెల్ఫ్ కొడుతూ కూర్చుంటే కొత్త బ్యాటరీ దిగిపోతుంది.

ఇంకో సంగతి. ఈ బండి ఆంధ్రా నంబరా? కోరాపుట్టు నంబరు ఓడీ 10లోకి మార్చారా? ఒడిశాలో 12 నెలలు దాటి ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలి. పాత ఆఫీసు నుంచి ఫారం 28 ఎన్ఓసీ, ఇక్కడ ఫారం 27. 15 ఏళ్ళ గడువు దాటిన బండికి రెన్యువల్ ఫారం 25, ఐదేళ్ళకోసారి. ఇరవై ఏళ్ళు దాటిన కార్లకి ఆ ఫీజు ఇప్పుడు 10,000 అయింది.

జయపురం_15:
నంబరు సంగతి తర్వాత చూద్దాం అన్నా. టెస్ట్ ల్యాంప్ పెట్టాను, వేడిలో వెలగలేదు. రిలే విప్పాను. మూడు పిన్నుల చుట్టూ మీరు చెప్పిన నల్ల ఉంగరం అచ్చం అలాగే ఉంది. 60 వాట్ల ఐరన్ అరువు తెచ్చి అన్నీ చేశాను. డ్రయ్యర్‌తో కాచినా పంప్ మోగుతోంది. అయితే ఒకటి, డబ్బాకి వెళ్ళే కనెక్టర్ వెనక ఒక వైరు కోసి, మెలితిప్పి టేపు చుట్టి ఉంది. ఇదివరకు ఉన్న ఎల్‌పీజీ కిట్ తీసేసినప్పుడు అలా వదిలేశారు. అది ఏమైనా చేస్తుందా?

సాలూరు_సెంటర్:
ఎల్‌పీజీ కిట్ మాట మొదట్లోనే చెప్పాల్సింది తమ్ముడూ. గ్యాస్ మీద నడిచేటప్పుడు పంప్‌నో, ఇంజెక్టర్లనో ఆపడానికే ఆ వైర్లు కోస్తారు. ఆ మెలిక కూడా వేడికి వదులవుతుంది, లక్షణం రిలే లాగే ఉంటుంది. టేపు పీకి, పచ్చగా పట్టిన చిలుము పోయేదాకా వైరు కత్తిరించి, సోల్డర్ చేసి, ముడుచుకునే స్లీవ్ తొడగండి. ఇంజెక్టర్ల దగ్గర కూడా నాలుగు కోతలు ఉండొచ్చు, చూశారా?

పర్లాకిమిడి_మాస్టారు:
కిట్ తీసినవాళ్ళు పెట్రోల్ లైన్‌లో కూడా T ఆకారపు జాయింట్ ముక్క వదిలి ఉండొచ్చు. గొట్టాలు చూడమన్నది అందుకే.

జయపురం_15:
ఈరోజు మధ్యాహ్నం ఎండలో రెండు గంటలు ఉంచాను, మొదటి తిప్పుకే అందుకుంది. ఇంజెక్టర్ల వైపు ఇంకా చూడలేదు. అందరికీ థాంక్స్ అండీ, ఘాట్‌కి బయల్దేరుతున్నాను.

సాలూరు_సెంటర్:
బయల్దేరే ముందు ఆ మెలిక వైరు కట్టారా?