నటి తన మేనేజరును వదిలి ఎందుకు పోలేకపోతోంది? చైనా సీరియళ్ల గురించి ఒక సందేహం

బరంపురం చదువరి:

అందరికీ నమస్కారం. మాది గంజాం జిల్లా బరంపురం. సినిమా, టీవీ నటులకు మేనేజర్లుగా పనిచేసేవాళ్ల చుట్టూ అల్లిన చైనా సీరియళ్లను రెండు నెలలుగా రాత్రి భోజనాలయ్యాక మా అత్తగారూ నేనూ కలిసి చూస్తున్నాము. కింద ఇంగ్లీషులో పడే మాటలను నేను ఆపి ఆపి తెలుగులో చెబుతుంటాను. నేను చెప్పే లోపలే ఆవిడ ముఖాలు చూసి కథ పసిగట్టి, "ఈ పిల్లని ముంచేస్తారు చూడు" అంటారు, చాలాసార్లు అదే నిజమవుతుంది. ఇప్పుడు చూస్తున్నదాని పేరు ఇక్కడ రాయడం లేదు. సగంలో ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే నా ప్రశ్నతోనే కథ బయటపడిపోతుంది.

అందులో ఒక సన్నివేశం నన్ను వదలడం లేదు. షూటింగు ముగిసిన అర్ధరాత్రి నటి వ్యానులో కూర్చుని ఉంటుంది. సగం ముఖానికి మేకప్పు తుడిచిన దూది ఇంకా చేతిలోనే ఉంటుంది. మేనేజరు తన ఫోనులో పోస్టరు చూపించి, నీ పేరు రెండో స్థానంలోకి వెళ్లిందని చెబుతుంది. నటి ఏడవదు, కోప్పడదు. "నా ఒప్పందం ఇంకా ఎన్నేళ్లుంది?" అని మాత్రం అడుగుతుంది. "ఆరు" అంటుంది మేనేజరు. వ్యాను కదిలిపోతుంది.

ఇక్కడే నాకు అర్థం కానిది ఉంది. ఇష్టం లేకపోతే ఆమె ఆ మేనేజరుకు దండం పెట్టి ఇంకొకరిని ఎందుకు పెట్టుకోదు? మా మేనమామ ఈ ఊళ్లో మెలోడీ ఆర్కెస్ట్రా పార్టీలకు గాయనీగాయకులను కుదురుస్తుంటారు. కిందటి ఠాకురాణి యాత్రకు ఒక గాయని ఆయన దగ్గర అడ్వాన్సు తీసుకుని, కార్యక్రమం మూడు రోజులుందనగా మరొక పార్టీ వేదిక ఎక్కింది. మావయ్య చేయగలిగింది ఆమె నంబరును తన ఫోనులోంచి తీసేయడం ఒక్కటే. మన దగ్గర ఇంత తేలికైన పని అక్కడ ఆరేళ్ల శిక్షలాగా ఎందుకు కనబడుతోంది? ఇది కథ కోసం చేసిన అతిశయోక్తా, లేక అక్కడి పద్ధతే అంతా? ఇంకొక చిన్న సందేహం: ఈ సీరియళ్లు చాలావరకు సరిగ్గా 40 భాగాల దగ్గరే ఎందుకు ఆగిపోతాయి?

పర్లాకిమిడి గుమాస్తా:

అమ్మా, వకీలు గుమాస్తాగా ముప్పై ఏళ్లు ఒప్పందాలు రాసిన చేయి కనుక మీ ప్రశ్నకు ఆ వైపు నుంచే సమాధానం చెబుతాను. మా ఇంట్లో కూడా అమ్మాయి ఇవే చూస్తోంది. తలుపు అవతల నుంచి నేనూ కొన్ని విన్నాను.

మొదటి చిక్కు మేనేజరు అనే మాటలోనే ఉంది. మన సినిమా వాళ్లలో మేనేజరు అంటే హీరో మనిషి. హీరో డేట్లు చూస్తాడు, కాల్షీట్లు సర్దుతాడు, నిర్మాత ఇచ్చిన చెక్కు బ్యాంకులో వేస్తాడు, హీరోకు కోపం వస్తే మర్నాటి నుంచి రాడు. చైనాలో ఈ పనిచేసేవారిని జింగ్‌జీరెన్ అంటారు. మాటకు మాట చూస్తే మధ్యవర్తి, దళారి అన్న అర్థం వస్తుంది. అయితే మీరు చూస్తున్న కథల్లో ఆ మధ్యవర్తి సాధారణంగా ఒక కంపెనీలో జీతానికి పనిచేసే ఉద్యోగి. నటి సంతకం పెట్టినది ఆ మేనేజరుతో కాదు, కంపెనీతో. నటన నేర్పించడానికి, నాట్యం నేర్పించడానికి, బస ఇవ్వడానికి, పేరు నలుగురి నోళ్లలో నానేలా ప్రచారం చేయడానికి కంపెనీ ముందుగా డబ్బు పెడుతుంది, తరువాత ఏళ్ల తరబడి ఆమె సంపాదనలో వాటా తీసుకుంటుంది. అందువల్ల ఆ వ్యానులో ఉన్న ఇద్దరూ ఒకే యజమాని కింద ఉన్నవాళ్లు. మేనేజరు మారినా ఒప్పందం మారదు.

ఇక చట్టం సంగతి. 2021 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన చైనా పౌర స్మృతిలో 933వ అధికరణం, ఒకరి తరఫున పని చేసిపెట్టే ఒప్పందాన్ని ఇరుపక్షాలలో ఎవరైనా ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చునని చెబుతుంది. నటులు ఈ వాదన మీదనే బయటపడాలని చూస్తారు. కంపెనీలు మాత్రం, ఇది ఉత్త వకాల్తా కాదు, ఇందులో మా పెట్టుబడి ఉంది, శిక్షణ ఉంది, ప్రచారం ఉంది అని వాదిస్తాయి. ఇటువంటి ఒప్పందాన్ని పలు రకాల ఒప్పందాలు కలిసిన మిశ్రమ ఒప్పందంగా అక్కడి న్యాయస్థానాలు పరిగణించిన సందర్భాలున్నాయి, అప్పుడు నాకిష్టం లేదు అన్న ఒక్క మాటతో నటి బయటకు రాలేదు. కంపెనీ తప్పు చేసిందని నిరూపించాలి, లేదా పరిహారం కట్టాలి. మీ సీరియల్లోని "ఆరు" అనే మాట బరువు అక్కడిది.

మన దేశంలో తూకం కొంచెం నటుల వైపు ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 201వ సెక్షను ప్రకారం ఏజెంటుకు ఇచ్చిన అధికారాన్ని యజమాని వెనక్కి తీసుకోవచ్చు. ఒకరు తన వృత్తి చేసుకోకుండా అడ్డుకునే ఒప్పందం ఆ మేరకు చెల్లదని 27వ సెక్షను చెబుతుంది. దీనికి మంచి ఉదాహరణ సినిమాలో కాక క్రికెట్‌లో ఉంది. బౌలర్ జహీర్ ఖాన్‌కు ప్రకటనల వ్యవహారాలు చూసిన పర్సెప్ట్ డీమార్క్ సంస్థ, ఒప్పందం గడువు ముగిశాక కూడా బయటివాళ్లు ఇచ్చే ప్రతిపాదనను ముందు తమకు చూపించాలి, అదే మొత్తానికి తామే తీసుకునే హక్కు తమకుంది అని సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2006లో సుప్రీంకోర్టు ఆ షరతు గడువు తరువాత చెల్లదని తేల్చడమే కాక, పరస్పర నమ్మకం మీద నడిచే ఇలాంటి సేవను ఇష్టం లేని మనిషి నెత్తిన ఇంజంక్షన్ అనే కోర్టు ఆజ్ఞతో రుద్దలేమని కూడా చెప్పింది. అంతమాత్రాన గడువు లోపల ఏమి చేసినా చెల్లుతుందని కాదు, నష్టపరిహారం దావా ఎప్పుడూ ఉంటుంది.

మీ మావయ్యగారి గాయని విషయంలో ఆమె చేత పాడించమని ఏ కోర్టూ ఆదేశించదు, కానీ ఇచ్చిన అడ్వాన్సు వేరు. దానికి రసీదు ఉన్నదా?

ప్రాణహిత ఒడ్డు:

మాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ. గుమాస్తాగారు చెప్పిన చట్టం కాదనను గాని, మనుషులను కట్టిపడేసేది చట్టం ఒక్కటే అనుకోవడం నాకు సరిపడదు.

మా జిల్లాలోనే ఉత్తరాన వడసా అనే ఊరుంది, కాగితాల మీద దేసాయిగంజ్ అంటారు. ఝాడీపట్టీ అనే మా ప్రాంతపు మరాఠీ నాటకాలు ఆడే కంపెనీల ఆఫీసులు ఎక్కువగా అక్కడే. దీపావళి దాటాక మొదలైతే ఎండలు ముదిరే దాకా ఊరూరా రాత్రి తెల్లవార్లూ నాటకాలు ఆడతారు; నాగపూరు నుంచి, ముంబయి నుంచి కూడా నటులు వచ్చి సీజనుకు కుదురుతారు. మా పెదనాన్న ఊరి పెద్దలతో కలిసి నాటకం కుదర్చడానికి వడసా వెళ్లినప్పుడు చిన్నతనంలో నన్నూ తీసుకెళ్లారు. ఆఫీసులో బల్ల మీద ఒక పెద్ద తేదీల పుస్తకం, గోడ నిండా పోస్టర్లు. పెదనాన్న మొదట ధర అడగలేదు, పోస్టరు మీద వేలు పెట్టి "ఈ పేరు పైన ఉన్న అమ్మాయి వస్తుందా, లేక బొమ్మ ఒకరిదీ మనిషి ఇంకొకరా?" అని అడిగారు. కంపెనీ ఆయన నవ్వి టీ తెప్పించాడు. ఆ నవ్వు చూశాక పెదనాన్న ధర సగానికి అడిగారు.

సీజను మధ్యలో ఒక కంపెనీని ముంచి ఇంకొక కంపెనీకి వెళ్లిన నటుడి మీద అక్కడ ఎవరూ దావా వేయరు. వచ్చే ఏడాది ఆ పుస్తకంలో అతడి పేరు ఎవరూ రాయరు, అంతే. చైనా నటికి భయం పరిహారం గురించి ఎంత ఉంటుందో, ఇంకెవరూ పని ఇవ్వకపోవడం గురించి అంతకు మించి ఉంటుందని నా అనుమానం. ఆ పోస్టరు గొడవ కూడా అందుకే. పేరు ఏ వరుసలో పడుతుందన్న దానికి వాళ్లు ఫాన్‌వెయ్ అని ప్రత్యేకంగా మాటే పెట్టుకున్నారు. ఒక మెట్టు దిగిందంటే తరువాతి సీరియల్లోనూ, ప్రకటనల బేరంలోనూ దిగినట్టే లెక్క. మన టైటిల్స్‌లో ఎవరి పేరు ముందు పడాలన్న తగువు లేని రోజు ఉందా చెప్పండి!

ఇంకొక మాట. కంపెనీ జీతం కింద నటుడు ఉండడం మనకు కొత్తేమీ కాదు. 1950ల తొలి సంవత్సరాలలో మద్రాసులో విజయా సంస్థ ఎన్.టి.రామారావుగారిని నెలజీతం ఒప్పందం మీదనే పెట్టుకుంది. తరువాత తారలు కంపెనీల కన్నా పెద్దవాళ్లయ్యారు, ఆ పద్ధతి పోయింది, హీరో పక్కన డేట్ల డైరీ పట్టుకున్న మనిషి మిగిలాడు. చైనాలో మాత్రం ఈ మేనేజరు పనిని ప్రభుత్వం పరీక్ష పెట్టి ఇచ్చే యోగ్యతా పత్రంతో కూడిన వృత్తిగా మార్చారు. ప్రదర్శనలకు కళాకారులను కుదిర్చే సంస్థ పెట్టాలంటే అలాంటి పూర్తికాలపు మనుషులు కనీసం ముగ్గురుండాలి. మా వడసా ఆఫీసుల్లో ఆ పరీక్ష పెడితే ఎంతమంది గట్టెక్కుతారో!

రాయగడ మాస్టారు:

40 భాగాల ప్రశ్నకు సమాధానం సులువు. 2020 ఫిబ్రవరిలో అక్కడి రేడియో, టెలివిజన్ పర్యవేక్షణ శాఖ, ధారావాహిక 40 భాగాలు మించకుండా ఉండాలని, 30 లోపు ఉంటే మరీ మంచిదని సూచిస్తూ ఉత్తర్వు ఇచ్చింది; 2025లో ఆ పరిమితిని సడలించారు. అంతకు ముందు 60, 70 భాగాలు సాగదీసేవారు. మన సీరియళ్లకు అలాంటి ఉత్తర్వు వస్తే మా ఇంట్లో దీపావళి చేసుకుంటాము.

కాని ఈ చర్చలో అందరూ మేనేజర్ల మీద జాలి చూపిస్తున్నట్టు కనబడుతోంది కనుక ఒక విషయం గుర్తుచేయాలి. ఈ తరహా సీరియళ్లు వరుసగా రావడానికి ముందు ఆ రంగంలో ఏమి జరిగిందో చూడండి. 2018లో నటి ఫాన్ బింగ్‌బింగ్ పన్నుల వ్యవహారం బయటపడింది. ఒకే పనికి రెండు ఒప్పందాలు రాసి, చిన్న అంకె ఉన్నదాన్ని పన్నుల వాళ్లకు చూపించి, పెద్ద అంకె ఉన్నదాన్ని లోపల దాచడాన్ని అక్కడ యిన్-యాంగ్ ఒప్పందాలు అంటారు. బకాయిలూ జరిమానాలూ కలిపి 88 కోట్ల యువాన్లకు పైగా కట్టమని ఆ అక్టోబరులో ఆదేశించారు. ఆ రెండో కాగితం మేనేజర్లకు తెలియకుండా తయారవుతుందా? దానికి ముందే, ఆగస్టులో, మూడు పెద్ద వీడియో సంస్థలు, ఆరు నిర్మాణ సంస్థలు కలిసి ఒక నటుడికి పన్నుతో సహా భాగానికి 10 లక్షల యువాన్లు, మొత్తం మీద 5 కోట్ల యువాన్లు మించి ఇవ్వబోమని ప్రకటించాయి. నటీనటులందరి పారితోషికం నిర్మాణ వ్యయంలో 40 శాతం దాటకూడదన్న నియమం కూడా ఉంది, అందులో ముఖ్య పాత్రలవాళ్లది 70 శాతం దాటకూడదు.

ఇవన్నీ తెలిసి చూస్తే, చివరి భాగాలలో చెడ్డ మేనేజరు పన్నుల అధికారుల చేతికి చిక్కడం, మంచి మేనేజరు అబద్ధపు ప్రచారం కొనడానికి ఒప్పుకోకపోవడం ఎందుకు అంత నియమంగా జరుగుతాయో తెలుస్తుంది. ప్రచారం కొనడమన్నది కూడా కల్పన కాదు. వీబో అనే సామాజిక మాధ్యమ వేదికలో అందరూ వెదుకుతున్న విషయాల పట్టిక ఒకటి ఉంటుంది. 2018 జనవరి చివర ఆ పట్టికను అధికారులు వారం రోజులు మూయించారు. 2021 ఆగస్టులో తారలకు అభిమానులు ర్యాంకులు కట్టే జాబితాలనే తీసేయించారు. అనుమతి లేనిదే తెర మీదకు రాని కథలో రంగం తనను తాను కడుక్కుంటున్నట్టు చూపిస్తే, ఆ నీళ్లు ఎవరు పోశారో కూడా చూడాలి. నటన బాగుంటుంది, అది కాదనను. మీరు చెప్పిన వ్యాను సన్నివేశం లాంటివి మన సీరియళ్లలో నేపథ్య సంగీతం లేకుండా తీయగలరా అన్నది నా సందేహం.

బరంపురం చదువరి:

అందరికీ ధన్యవాదాలు. గుమాస్తాగారూ, కంపెనీతో ఒప్పందం అన్న మాట చదివాక నిన్న రాత్రి ఆ సన్నివేశం మళ్లీ పెట్టి చూశాము. మొదటిసారి గమనించలేదు గాని, "ఆరు" అని చెప్పాక మేనేజరు ఫోనులో ఇంకొక సందేశం వస్తుంది, ఆమె దాన్ని తెరవకుండా ఫోను బోర్లా పెడుతుంది. ఆమెకూ పైన ఒకరున్నారన్నమాట. మా అత్తగారు మాత్రం, మాస్టారుగారి వైపే. "పేరు కిందకి దింపింది ఆవిడే అయ్యుంటుంది" అని గట్టిగా చెబుతున్నారు.

మావయ్యను రసీదు గురించి అడిగాను. రసీదు లేదట. ఠాకురాణి అమ్మవారి పటం వెనక దాచిన ఒక చీటీ తెచ్చి చూపించారు. అందులో మొత్తం ఉంది, తేదీ ఉంది, రెండు పాటల పేర్లు కూడా ఉన్నాయి, ఆమె సంతకం లేదు.

పర్లాకిమిడి గుమాస్తా:

చీటీ ఒక్కటే అయితే కష్టమమ్మా. డబ్బు చేతికి ఇచ్చారా, ఫోనులో పంపారా కనుక్కోండి. ఫోనులో పంపి ఉంటే ఆ వివరం బ్యాంకు నుంచి రాయించుకుని చీటీతో కలిపి ఉంచమనండి. పంపిన రోజు నుంచి మూడేళ్లలోపు ఆలోచించుకోవచ్చు. ఆ నంబరు తీసేశారన్నారే, అది మాత్రం ఎక్కడైనా రాసి ఉందేమో చూడండి, నోటీసుకు కావాలి.