ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కొడితే 11 వల్నరబిలిటీలు అంటోంది, వదిలెయ్యొచ్చా?

ప్రశ్న:
ఉద్యోగంలో చేరి మూడు నెలలైంది. నిన్న ఒక పాత రియాక్ట్ (వెబ్ పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) ప్రాజెక్టు దింపుకుని, దానికి కావాల్సిన ప్యాకేజీలన్నీ (ఇతరులు రాసిపెట్టిన కోడ్) దించే ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కొట్టాను. చివర్లో 11 వల్నరబిలిటీలు (భద్రతా లోపాలు), అందులో 2 క్రిటికల్ అని వచ్చింది. భయపడి, వాటిని సరిచేసే ఆడిట్ ఫిక్స్‌ని ఫోర్స్ పెట్టి నడిపాను. ఇప్పుడు బిల్డే అవ్వట్లేదు. మా లీడ్ గారేమో "అవి ఎప్పుడూ ఉండేవే, వదిలెయ్" అంటున్నారు. ఒకటే టెన్షన్.

జవాబు 1:
ఫోర్స్ పెడితే మేజర్ వెర్షన్లు కూడా మార్చేస్తుందండీ, బిల్డ్ పోయింది అందుకే. ప్యాకేజ్ జేసన్ (ప్యాకేజీల జాబితా), లాక్ ఫైలు (ఏ ప్యాకేజీ కచ్చితంగా ఏ వెర్షనో రాసి ఉండేది) రెండూ గిట్ (కోడ్ పాత రూపాలన్నీ దాచేది) నుంచి పాతవి తెచ్చుకుని ఎన్‌పీఎం సీఐ కొట్టండి, అది లాక్ ఫైల్లో ఉన్న వెర్షన్లే దించుతుంది.

జవాబు 2:
మీ లీడ్ గారు చెప్పింది సగం నిజం. ఆ 11లో చాలావరకు బిల్డ్ టూల్స్‌వే అయ్యుంటాయి. ఆడిట్‌కి ఒమిట్ డెవ్ (డెవలప్‌మెంట్‌కి మాత్రమే వాడేవి వదిలెయ్యమని) పెట్టి చూడండి, అప్పుడు మిగిలినవాటి గురించి ఆలోచించాలి.

కానీ ఆడిట్ చెప్పేది అప్పటికే బయటపడ్డ లోపాలనే. నన్ను భయపెట్టేది ఇన్‌స్టాల్ కొట్టిన ఆ నిమిషం. ప్యాకేజీతో పాటు వచ్చి దానంతటవే నడిచే ప్రీఇన్‌స్టాల్, పోస్ట్‌ఇన్‌స్టాల్ స్క్రిప్టులు మన లాగిన్‌తోనే నడుస్తాయి. మన టోకెన్లు, ఎస్‌ఎస్‌హెచ్ కీలు (సర్వర్లలోకి వెళ్ళే తాళాలు) అన్నీ వాటికి అందుబాటులోనే. 2021 అక్టోబర్ 22న యూఏ-పార్సర్-జేఎస్ (వచ్చినవాళ్ళ బ్రౌజర్ ఏదో గుర్తించే ప్యాకేజీ) రాసినాయన ఎన్‌పీఎం అకౌంట్ ఎవరో కాజేసి మూడు విషపు వెర్షన్లు వదిలారు. లినక్స్‌లో కాయిన్ మైనర్ (మన మిషన్ని వాడుకుని క్రిప్టో కరెన్సీ తవ్వేది), విండోస్‌లో దానికి తోడు పాస్‌వర్డులు దొంగిలించేది. ఉన్నది కొన్ని గంటలే. ఆ శుక్రవారం రాత్రి మా టీమ్ మొత్తం ఏ మిషన్లో ఏ వెర్షన్ దిగిందో వెతుక్కుంటూ కూర్చుంది. ఎందుకంటే లాక్ ఫైలుని గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ దాచకూడని ఫైళ్ళ జాబితా) పెట్టిన మహానుభావుణ్ని నేనే.

అప్పట్నుంచి నా ఎన్‌పీఎంఆర్‌సీలో (ఎన్‌పీఎం సెట్టింగుల ఫైలు) ఇగ్నోర్ స్క్రిప్ట్స్ ట్రూ, అంటే ఆ స్క్రిప్టులు నడవవు. బీక్రిప్ట్ (పాస్‌వర్డులు హ్యాష్ చేసే ప్యాకేజీ) లాంటివి స్క్రిప్టు లేక మొరాయిస్తే, ఆ ఒక్కసారికి ఇగ్నోర్ స్క్రిప్ట్స్ ఫాల్స్ అని ఇచ్చి దాన్నొక్కదాన్నే రీబిల్డ్ చేసుకుంటాను.

జవాబు 3:
ఇగ్నోర్ స్క్రిప్ట్స్ పెట్టుకుని నిశ్చింతగా ఉండకండి. 2025 సెప్టెంబర్లో చాక్, డీబగ్ అనే ప్యాకేజీల్లో దొంగలు దూర్చిన కోడ్‌కి ఇన్‌స్టాల్ స్క్రిప్టే లేదు. బ్రౌజర్లో నడిచి క్రిప్టో వాలెట్ అడ్రస్‌లు మార్చేది.

జవాబు 2:
నిజమే. అందుకే పీఎన్‌పీఎంకి (ఎన్‌పీఎం పనే చేసే ఇంకో టూల్) మారాను. 10వ వెర్షన్ నుంచి అది డిపెండెన్సీల (మన ప్రాజెక్టు ఆధారపడే ప్యాకేజీల) స్క్రిప్టుల్ని మనం ఒప్పుకుంటే తప్ప నడపదు. విడుదలై ఇన్ని నిమిషాలు గడిస్తేనే దించమని కూడా చెప్పొచ్చు. నేను మూడు రోజులు పెట్టాను. కొత్త వెర్షన్‌ని ముందు ఊళ్ళోవాళ్ళు రుచి చూడనీ.

ప్రశ్న అడిగినవారు:
లాక్ ఫైలు కోసం గిట్‌లో వెతికానండీ. లేదు. మాదీ గిట్‌ఇగ్నోర్‌లోనే ఉంది.

జవాబు 2:
బిల్డ్ సంగతి రేపు. ముందు ఆ లైను తీసెయ్యండి.