జేజినాయన విల్లుకు మళ్లీ నారి ఎక్కించొచ్చా?

కసాపురం రోడ్డు:
అందరికీ నమస్కారం. మాది గుంతకల్లు. మా జేజినాయన లోకో షెడ్డులో ఫిట్టరు. స్వాతంత్ర్యం వచ్చినాక ఇంగ్లండుకు తిరిగిపోతా ఒక దొర కుటుంబం ఆయనకు ఇచ్చిపోయిన చెక్క విల్లు మా పాత మిద్దెలో అటక మీద దొరికింది. దుప్పట్లో చుట్టి పెట్టినారు. మా నాయనను చిన్నప్పుడు దాని దగ్గరికే పోనిచ్చేవాళ్లు కాదంట.

పొడవు అయిదున్నర అడుగులు. పట్టుకున్నప్పుడు మన వైపు ఉండే ముఖం గుండ్రంగా, పసుపు కలిసిన గోధుమ రంగులో ఉంది. బయటి ముఖం చదును, దాని మీద తెల్లటి పలచ బద్ద అతికించినారు. రెండు కొనలకూ నల్లటి కొమ్ము తొడుగులు. పై తొడుగులో సూది దూరేంత బొక్కలు, తడితే సన్నటి పొడి రాలుతుంది. పిడికి చుట్టిన ఆకుపచ్చ మఖమల్ సగం చినిగింది. పిడి పైన సిరాతో 36 అని రాసుంది. నారి లేదు. బల్ల మీద పెడితే కొంచెం వంగినట్టే ఉంటుంది.

మా పాప ఆర్చరీ నేర్చుకుంటోంది. జేజినాయన విల్లుతో ఒక్క బాణమైనా వేయాలని దాని ఆశ. ఇక్కడి వడ్రంగి ఆవిరి పట్టి వంపు తీసి, గరుకు కాగితం కొట్టి వార్నిష్ వేస్తానంటున్నాడు. ఇచ్చేయమంటారా?

నల్లమల అంచు:
అన్నా, మాది ఆత్మకూరు. మా వైపు చెంచు పెద్దోళ్లు వెదురు బాణాన్ని నిప్పు సెగ మీద చూపించి వంకర తీస్తారు, కళ్లారా చూసినా. చెక్క విల్లుకు కూడా సెగ పనికొస్తుందేమో అడగండి. పురుగుకు మా ఇంట్లో అయితే వేపనూనె పూస్తాం.

కొయ్యపని కర్నూలు:
సెగా వద్దు, ఆవిరీ వద్దు. వెదురు బాణం ఒకే ముక్క. ఇది రెండు చెక్కలు అతికించిన విల్లు. ఆ కాలం విల్లులను ఎక్కువగా తోలు ఉడికించి తీసిన బంకతో అతికించేవాళ్లు. వేడీ తడీ కలిసి తగిలితే ఆ బంక మెత్తబడి బద్ద ఊడొస్తుంది. వడ్రంగి వేరే ఏ పనైనా బాగా చేయొచ్చు, ఈ పని మాత్రం ఆయన చేతికి ఇవ్వకండి. కొంచెం వంపు ఉండటం జబ్బేమీ కాదు. వాడిన చెక్క విల్లు ఏదైనా నారి వైపు కాస్త వాలుతుంది.

గరుకు కాగితం అసలే వద్దు. బయటి ముఖం మీద ఒక్క పోగు తెగినా విల్లు అక్కడే విరగొచ్చు. పైగా ఆ సిరా రాత పోతే మళ్లీ రాదు. 36 అంటే పౌండ్లు, లాగడానికి పట్టే బలం, దాదాపు 16 కిలోలు. ఆ అంకెనూ పొడవునూ బట్టి అది దొరసాని విల్లు అయ్యుంటుంది. అప్పట్లో ఆడవాళ్లు 25 అంగుళాల బాణం, మగవాళ్లు 28 అంగుళాల బాణం వాడేవాళ్లు. మీ పాప ఇప్పుడు నారిని ఎన్ని అంగుళాలు లాగుతుందో కొలవండి. 25 అంగుళాలు దాటితే ఈ విల్లు ఆమెకు కాదు.

ముందు పరీక్ష చేయండి. పొడి దూది ఉండను బయటి ముఖం మీద ఈ కొన నుంచి ఆ కొనకు మెల్లగా జరపండి. పోగు లేచి ఉంటే దూది అక్కడ తగులుకుంటుంది. రాత్రి లైట్లు ఆర్పి, టార్చిని చెక్కకు ఆనించినట్టు పక్కనుంచి వేసి లోపలి ముఖం చూడండి. నిలువు గీతలు ఎండకు వచ్చిన పగుళ్లు, వాటికి అంత భయం లేదు. అడ్డంగా వెంట్రుకంత గీతలుంటే చెక్క లోపల నలిగిందని అర్థం. దానికి ఏ బంకా పనిచేయదు.

తుడవడానికి స్పిరిట్ వాడొద్దు, పాతది లక్క పాలిష్ అయితే కరిగిపోతుంది. మెత్తటి పొడి గుడ్డ చాలు. కొమ్ములో పొడి రాలుతోందంటే పురుగు ఇంకా ఉండొచ్చు. ఆ కొనకు మాత్రం గోరువెచ్చని తడిగుడ్డ చుట్టి, కొమ్ము కింద బంక వదిలాక తొడుగు తీసి, కవర్లో మూసి రెండు వారాలు డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. తడి చెక్క మీదికి దిగనీయొద్దు.

పరీక్ష నెగ్గితేనే నారి. డాక్రాన్ నారి, అంటే కొంచెం సాగే పాలిస్టర్ దారంతో చేసింది, కట్టించండి. ఈ కాలపు సాగని నారి పాత కొమ్మును కోసేస్తుంది. పిడికీ నారికీ మధ్య పిడికిలి పెట్టి బొటనవేలు నిలబెడితే ఎంతో అంత ఎడం ఉండాలి. బాణం లేకుండా నారి వదిలితే ఆ దెబ్బంతా విల్లే తినాలి, అది ఎవర్నీ చేయనివ్వకండి.

కసాపురం రోడ్డు:
చాలా సంతోషమన్నా. దూది ఎక్కడా తగులుకోలేదు. టార్చి వేసి చూస్తే పిడికి జానెడు కింద అడ్డంగా రెండు గీతలు కనపడినాయి. ఒకటి గోటికి తగులుతుంది. పాప కూడా పక్కనే ఉండి చూసింది.

కొయ్యపని కర్నూలు:
గోటికి తగిలిందంటే ఇక నారి ఎక్కించకండి. ఎక్కించినా లాగేటప్పుడు ఆ గీత దగ్గరే విరిగి ముక్క మొహానికి రావచ్చు. పాపకు నచ్చజెప్పండి, కానీ ఈ విషయంలో మాత్రం మెత్తబడొద్దు.

కొమ్ముకు పైన చెప్పిన ఫ్రీజర్ పని చేసి తిరిగి తొడగండి, మఖమల్ చినిగినా అలాగే ఉంచండి. మూలకు నిలబెట్టకుండా గోడకు రెండు చెక్క మేకులు కొట్టి అడ్డంగా పెట్టండి. మీ అనంతపురం ఎండాకాలానికి చెక్కలో చెమ్మంతా లాగేస్తుంది, కాబట్టి పడమటి గోడ, కూలర్ గాలి, బండల మిద్దె కింద అటక మూడూ వద్దు. పాపకు అదే పొడవులో, 25 పౌండ్ల కొత్త చెక్క విల్లు చేయించే ఆలోచన ఉంటే పాతదాని మందం, వెడల్పు ప్రతి ఆరంగుళాలకు కొలిచి ఇక్కడ పెట్టండి. ఏ చెక్క తీసుకోవాలో, ఎంత చెక్కాలో నేను రాస్తాను.