ముక్కోణపు పెరడు: సూదిమూలకు అడ్డగోడ కట్టాలా, తోటలో కలుపుకోవాలా?

పెరటిచెట్టు: ఇంటి వెనక గోడ 30 అడుగులు, దానికి మూలమట్టంగా కుడి ప్రహరీ 40, ఏటవాలు ప్రహరీ 50. మొత్తం 600 చదరపు అడుగులు. దూరపు కొస సూదిలా సన్నబడింది, వాన నీళ్లన్నీ అక్కడే నిలుస్తున్నాయి. కొస నుంచి 12 అడుగుల దగ్గర అడ్డగోడ కట్టేసి మిగతాది పచ్చిక వేద్దామని ఇంట్లో పెద్దల మాట. ఏమంటారు?

సున్నపురాయి: కట్టేయండి. అక్కడ వెడల్పు 9 అడుగులే, పోయేది 54 చదరపు అడుగులు. నిచ్చెన, పార, ఎరువు బస్తాలు పెట్టుకోవచ్చు. వాస్తు పట్టింపు ఉంటే ఆ బెంగా తీరుతుంది.

మట్టిబెడ్డ: నేనొప్పుకోనండీ. గోడ కట్టినా మిగిలేది నలుచదరం కాదు, ఇంటి వైపు 30, అటు 9. వంకర వంకరగానే ఉంటుంది. నీళ్లు గోడకు ఇవతల నిలుస్తాయి. గోడ వెనక విరిగిన ఇటుకలు, పాత డబ్బాలు చేరతాయి, ఎలుకలొస్తాయి, వాటి వెంట పాములు.

వంకర కనపడకూడదంటే గుండ్రటి పచ్చిక వేయండి. ఇంటి గోడకు 10, కుడి ప్రహరీకి 10 అడుగుల ఎడంలో మేకు దిగ్గొట్టండి. ఏటవాలు గోడా అక్కణ్నుంచి సరిగ్గా 10 అడుగులే ఉంటుంది. 6 అడుగుల తాడు కట్టి సున్నంతో గీస్తే, ఎంత ఇరుకు చోటైనా 4 అడుగులు మిగులుతుంది. ఇంటి వైపు నడవ, మిగతా రెండు వైపులా మడులు. అంచుకు ఇటుకలు నిలువుగా పాతితే సుమారు వంద పడతాయి.

సున్నపురాయి: మరి నీళ్లు? ఆ కొసలోనే ఇంకుడు గుంత తవ్వితే పోలా?

నీటిబొట్టు: అక్కడ మాత్రం తవ్వొద్దు. ప్రహరీ పునాది లోతు తక్కువ. పక్కన మట్టి నానితే కుంగి నెర్రెలిస్తుంది. 4 అడుగుల గుండ్రటి గుంతకు రెండు గోడల నుంచీ 3 అడుగుల ఎడం కావాలంటే, దాని నడిమధ్య కొస నుంచి 15 అడుగులు ఇవతలికి రావాలి. ఇంటి నుంచి అక్కడికి 25 అడుగుల్లో 3 అంగుళాల వాలు, కొస వైపు నుంచి 2 అంగుళాల ఎదురువాలు ఇవ్వండి. అడుగున 40 ఎంఎం కంకర, దానిపై 20 ఎంఎం, పైన దొడ్డు ఇసుక.

తవ్వే ముందు అడుగు లోతు చిన్న గుంట తీసి రెండుసార్లు నీళ్లు నింపండి. రెండోసారి పోసినవి మర్నాటికీ అలాగే ఉంటే అది నల్లరేగడి లాంటి ఇంకని నేల. గుంత మీద డబ్బు పెట్టకండి, పైపు వేసి వాన కాలువకు కలపండి.

సున్నపురాయి: వాలు లెక్క ఒప్పుకుంటా. కానీ ఆఖరి 4 అడుగుల్లో వెడల్పు 3 అడుగులు దాటదు. వంగి కలుపు ఎవరు తీస్తారు?

మట్టిబెడ్డ: అందుకే అక్కడ నిమ్మగడ్డి రెండు దుబ్బులు, చుట్టూ మందంగా కంకర. కరివేపాకు వద్దు, వేరు తెగిన చోటల్లా పిలక లేస్తుంది. అరటీ వద్దు, పిలకలతో ఏటా పక్కకు జరుగుతుంది, ఆ ఇరుకులో గెల కోయలేరు. దాన్ని ఇంకుడు గుంత దగ్గర వేయండి. సామాన్లకు ఇంటి గోడా ఏటవాలు గోడా కలిసే మూలలో చిన్న రేకు పంచ చాలు, పారకోసం కొసదాకా నడిచే పనుండదు.